ఆన్‌లైన్ ఇంగ్లీష్ టీచర్లకు స్టూడెంట్లు పెరగాలంటే: ఎంక్వైరీ నుంచి అడ్మిషన్ దాకా ఏ పని ముందు, ఏ పని వెనక

"క్లాసు బాగానే చెబుతాను, స్టూడెంట్లే రావడం లేదు." ఆన్‌లైన్‌లో స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పే టీచర్లు తరచూ అనే మాట ఇది. దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది: "యాడ్స్ వేయమంటారా?"

ఇప్పుడే వద్దు. ముందు ఎవరికి చెబుతున్నారో తేల్చుకోవాలి. తర్వాత డెమో క్లాసు సరిచేసుకోవాలి. ఎంక్వైరీ వచ్చినప్పుడు ఏం జవాబివ్వాలో ఒక పద్ధతి పెట్టుకోవాలి. ప్రచారం ఆ తర్వాతే. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, అందుకే డబ్బు పోయినా బ్యాచ్ నిండదు.

ఇక్కడ రాసింది ఇంటి నుంచి ఒక్కరే క్లాసులు నడుపుకుంటూ తెలుగువాళ్లకు ఇంగ్లీష్ నేర్పే టీచర్ల కోసం.

## 1. ఎవరికి చెబుతారో తేల్చుకోండి

"అందరికీ స్పోకెన్ ఇంగ్లీష్" అన్న పోస్టర్ చూసి ఇది నాకోసమే అని ఎవరూ అనుకోరు. మనిషి ఇంగ్లీష్ క్లాసు కోసం వెతికేది ఎక్కడో ఒకచోట ఇరుక్కున్నప్పుడు. అది ఎక్కడో మీకు తెలియాలి.

మన దగ్గర ప్రధానంగా కనిపించేవాళ్లు వీళ్లు:

బీటెక్ ఫైనలియర్ పిల్లలు. క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో జామ్ (ఇచ్చిన అంశం మీద ఒక్క నిమిషం మాట్లాడటం), గ్రూప్ డిస్కషన్, హెచ్‌ఆర్ రౌండ్. సబ్జెక్టు వచ్చినా "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" దగ్గర ఆగిపోతారు. తొందర ఎక్కువ, చేతిలో డబ్బు తక్కువ. నలుగురైదుగురు కలిసి చేరతారు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. మెయిల్ రాయగలరు, డాక్యుమెంట్ చదవగలరు. క్లయింట్ కాల్‌లో ఎదురు ప్రశ్న వచ్చేసరికి మాట రాదు. ఫీజు గురించి పెద్దగా బేరమాడరు, కానీ వన్ టు వన్ అడుగుతారు. పేరు బయటికి రాకూడదనుకుంటారు.

గృహిణులు. స్కూల్లో పేరెంట్ టీచర్ మీటింగ్, బ్యాంకు, గేటెడ్ కమ్యూనిటీలో పక్క ఫ్లాట్‌వాళ్లతో మాటలు. వీళ్లకు గ్రామర్ కన్నా బెరుకు పెద్ద అడ్డంకి. ఒకసారి నమ్మకం కుదిరితే నెలల తరబడి ఉంటారు, ఇంకో నలుగురిని తీసుకొస్తారు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు. ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఎందుకొచ్చారు, ఎన్నాళ్లుంటారు, ఎవరి దగ్గరుంటారు అని అడుగుతారు. ఆ ప్రశ్నల భయమే వీళ్లను క్లాసుకు తెస్తుంది. ఫీజు కట్టేది మాత్రం డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు, కూతురు. మీ మెసేజ్ చేరాల్సింది వాళ్లకు. ఈ వర్గాన్ని పట్టించుకునే టీచర్లు తక్కువ, ఓపిక ఉన్న టీచర్‌కు ఇక్కడ చాలా చోటుంది.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లు, వెళ్లబోయేవాళ్లు. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్, గోదావరి జిల్లాలు, కడప నుంచి వెళ్లినవాళ్లు. సూపర్‌వైజర్‌తో మాట్లాడగలిగితే పని మారుతుంది, జీతం మారుతుంది.

పరీక్ష రాసేవాళ్లు. విదేశాలకు వెళ్లడానికి రాసే ఇంగ్లీష్ పరీక్షలు: ఐఈఎల్‌టీఎస్, పీటీఈ, నర్సులకు ఓఈటీ. ఇది స్పోకెన్ ఇంగ్లీష్ కాదు, వేరే పని. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు, మూడు భాగాలు. ఒక్కో భాగంలో ఏం చూస్తారో, బ్యాండ్ (స్కోరు) ఎలా వేస్తారో తెలియకుండా ఈ బోర్డు పెట్టకండి.

స్కూలు పిల్లలు. తెలంగాణ ప్రభుత్వ బడులన్నిటిలో 2022-23 నుంచి ఇంగ్లీష్ మీడియం మొదలైంది. తెలుగు మీడియంలో చదువుకున్న తల్లిదండ్రులు హోంవర్క్ దగ్గర సాయం చేయలేకపోతున్నారు. నేర్చుకునేది పిల్లలు, నిర్ణయం మాత్రం అమ్మానాన్నలది.

వీటిలో ఒక్కటి ఎంచుకోండి. మిగతావాళ్లు వస్తే కాదనక్కర్లేదు, కానీ పోస్టర్, వీడియో, డెమో ఆ ఒక్కరికోసమే ఉండాలి. ఏది ఎంచుకోవాలో తేలకపోతే ఇలా చూడండి:

- ఈ వర్గంలో నాకు ఇప్పటికే తెలిసినవాళ్లు పదిమంది ఉన్నారా?
- వాళ్లు ఖాళీగా ఉండే టైమ్‌లో నేనూ ఖాళీగా ఉంటానా?
- వాళ్లు ఇరుక్కునే సందర్భాలు ఐదు నేను చూడకుండా చెప్పగలనా?

మూడింటికీ అవునంటే అదే మీ వర్గం. మూడోదానికి కాదంటే, ఆ వర్గంలో ముగ్గురికి ఫోన్ చేసి పావుగంట మాట్లాడండి. "ఈ మధ్య ఇంగ్లీష్ రాక ఎక్కడ ఇబ్బందిపడ్డారు?" అని అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. మీ పోస్టర్ మీద, వీడియోలో వాడాల్సిన మాటలు అవే.

## 2. ఇచ్చే ఫలితాన్ని ఒక్క వాక్యంలో రాయండి

"30 రోజుల్లో అనర్గళంగా ఇంగ్లీష్" అని రాయకండి. అది జరగదని మీకూ తెలుసు, చూసేవాళ్లకూ తెలుసు.

స్టూడెంట్ తనంతట తాను సరిచూసుకోగలిగే మాట రాయండి:

- "8 వారాల్లో మీ డెయిలీ స్టాండప్ అప్‌డేట్ పేపర్ చూడకుండా చెబుతారు." (సాఫ్ట్‌వేర్ టీమ్‌లు రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్ ఇది.)
- "6 వారాల్లో మీ పిల్లల టీచర్‌తో పది నిమిషాలు ఇంగ్లీష్‌లో మాట్లాడతారు."
- "అమ్మానాన్నలు విమానం ఎక్కేలోపు ఇమిగ్రేషన్ ప్రశ్నలకు సొంతంగా జవాబు చెబుతారు."

ఇంకో కారణం కూడా ఉంది. కోచింగ్ రంగంలో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. గ్యారంటీ ఉద్యోగం, గ్యారంటీ స్కోర్ లాంటి మాటలు అందులో ఆక్షేపించినవే. అది ప్రధానంగా పెద్ద సంస్థలను దృష్టిలో పెట్టుకుని వచ్చినా, ఒక్కరే చెప్పే టీచర్ కూడా అదే హద్దులో ఉండటం మంచిది.

## 3. టైమింగ్స్, మొదలుపెట్టే రోజు

బ్యాచ్ నిండకపోవడానికి టైమే కారణమైనప్పుడు కూడా టీచర్లు ఫీజు తగ్గిస్తుంటారు.

- ఉద్యోగులు: ఉదయం 6 నుంచి 7, లేదా రాత్రి 9 తర్వాత. అమెరికా క్లయింట్ ఉన్నవాళ్లకు సాయంత్రం కాల్స్ ఉంటాయి, ఉదయమే మేలు.
- గృహిణులు: పిల్లలు స్కూలుకు వెళ్లాక 11 నుంచి 12, లేదా మధ్యాహ్నం 2:30 నుంచి 3:30. సాయంత్రం పిల్లల చదువులు, వంట, సీరియళ్లు. ఆ టైమ్‌లో పెడితే హాజరు పడిపోతుంది.
- గల్ఫ్: కువైట్, సౌదీ మనకన్నా రెండున్నర గంటలు వెనక, దుబాయ్ గంటన్నర వెనక. వారపు సెలవు దేశాన్ని బట్టి, కంపెనీని బట్టి మారుతుంది, అడిగి తెలుసుకోండి.
- అమెరికాలో ఉన్న పిల్లలతో మాట్లాడాలంటే మన ఉదయం 6:30 బాగుంటుంది. డాలస్‌లో అప్పుడు ముందురోజు రాత్రి 8, చలికాలంలో 7. అక్కడ మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం గడియారం మారుస్తారు. ఆ వారం టైమ్ మళ్లీ ఖరారు చేసుకోండి.

కొత్త బ్యాచ్ మంగళవారం, అమావాస్య రోజుల్లో మొదలుపెట్టకండి. మీకు పట్టింపు లేకపోవచ్చు, చేరేవాళ్ల ఇంట్లో ఉంటుంది. "బుధవారం నుంచి వస్తాను మేడమ్" అన్న మనిషి బుధవారానికి మనసు మార్చుకోవచ్చు. ఆషాఢంలో ఎంక్వైరీలు మందకొడిగా ఉంటే కంగారుపడకండి, ఆ నెల వీడియోలు చేసి పెట్టుకోవడానికి వాడండి. ఇంటర్ పరీక్షలయ్యాక, వేసవి సెలవుల్లో, జూన్‌లో స్కూళ్లు తెరిచాక, సంక్రాంతి తర్వాత, దసరా తర్వాత మంచి అదను. ప్రకటన ఆ రోజులకు మూడు వారాల ముందే మొదలుకావాలి.

## 4. సెటప్

దీనిమీద ఎక్కువ ఖర్చు పెట్టొద్దు. కావలసినవి ఇవి:

- వైరు ఉన్న ఇయర్‌ఫోన్స్. మీ గొంతు స్పష్టంగా వినపడటం కెమెరా కన్నా ముఖ్యం.
- ముఖం మీద పడే వెలుతురు. కిటికీకి ఎదురుగా కూర్చోండి, వీపు పెట్టి కాదు.
- కరెంటు పోయినా నెట్ ఆగకుండా ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉండాలి. డెమోకు ముందే ఒకసారి కలిపి చూడండి.
- జూమ్ ఉచిత ప్లాన్‌లో మీటింగ్ 40 నిమిషాలకు ఆగిపోతుంది. గూగుల్ మీట్ ఉచితంగా ముగ్గురు, అంతకన్నా ఎక్కువమంది ఉంటే 60 నిమిషాలు ఇస్తుంది, ఇద్దరే అయితే ఆ ఇబ్బంది లేదు. ఫీజు గురించి చెబుతుండగా లైన్ కట్టయితే ఆ స్టూడెంట్ మళ్లీ రావడం కష్టం.

## 5. డెమో క్లాసు: ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే

పదిమంది డెమోకు వచ్చి ఒక్కరే చేరుతుంటే, సమస్య ప్రచారంలో లేదు. డెమోలో ఉంది. మీ శ్రమలో పెద్ద భాగం ఇక్కడ పెట్టండి.

### 5.1 డెమోకు ముందురోజు

వాట్సాప్‌లో ఒక్క పని అడగండి: "మీ గురించి ఇంగ్లీష్‌లో అర నిమిషం వాయిస్ మెసేజ్ పంపండి. తప్పులున్నా ఫర్వాలేదు, రాసుకుని చదవొద్దు."

దీనివల్ల మూడు లాభాలు. పంపినవాళ్లు చాలావరకు డెమోకు వస్తారు. ఎక్కడ తడబడుతున్నారో మీకు ముందే తెలుస్తుంది. కోర్సు అయ్యాక పోల్చి వినిపించడానికి పాత గొంతు మీ దగ్గర ఉంటుంది.

### 5.2 డెమో ముప్పై నిమిషాలు

మొదటి 5 నిమిషాలు: తెలుగులో. "మీరెక్కడ పని చేస్తారు, ఎక్కడ ఇబ్బంది వస్తోంది?" అని మామూలుగా మాట్లాడండి. టెన్షన్ తగ్గాలి. మొదటి మాటే ఇంగ్లీష్‌లో మొదలుపెడితే భయంతో ముడుచుకుపోతారు.

తర్వాత 6 నిమిషాలు: వాళ్లే మాట్లాడాలి. ఇంగ్లీష్‌లో మూడు సులువైన ప్రశ్నలు అడగండి. మధ్యలో ఆపి సరిచేయకండి. తప్పులు కాగితం మీద రాసుకోండి.

తర్వాత 12 నిమిషాలు: ఒక్క తప్పు పట్టుకుని సరిచేయండి. ఒక్కటే. ఎలాగో చూపిస్తాను.

ఒక ఉద్యోగి "అయామ్ వర్కింగ్ హియర్ ఫ్రమ్ త్రీ ఇయర్స్" అన్నారనుకుందాం. మన దగ్గర ఎక్కువగా వినపడే తప్పు ఇది. "ఇది ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ అండీ" అని మొదలుపెట్టారా, మనిషి చేజారినట్టే. దానికి బదులు ఇలా చెప్పండి:

"మనం తెలుగులో 'మూడేళ్ల నుంచి' అంటాం, '2021 నుంచి' అంటాం. రెండు చోట్లా 'నుంచి'. ఇంగ్లీష్‌లో అవి విడిపోతాయి. ఎంతకాలమో చెబితే 'ఫర్': ఫర్ త్రీ ఇయర్స్. ఎప్పుడు మొదలైందో చెబితే 'సిన్స్': సిన్స్ 2021. అప్పుడు మొదలై ఇంకా జరుగుతున్న పని కాబట్టి ముందు 'ఐ హ్యావ్ బీన్ వర్కింగ్'."

వివరణ ఇంతే. ఇక వాళ్లతో పలికించండి. "హైదరాబాద్‌లో ఎన్నేళ్ల నుంచి ఉంటున్నారు?" "ఈ ప్రాజెక్టులో ఎప్పటి నుంచి ఉన్నారు?" "ఈ ఫోన్ ఎన్నాళ్ల నుంచి వాడుతున్నారు?" అని తెలుగులో అడగండి, జవాబు ఇంగ్లీష్‌లో రావాలి. పది ప్రశ్నలు. మొదటి రెండింటికి తడుముకుంటారు, ఆరోదానికి వచ్చేసరికి నోరు తిరుగుతుంది. చివరి రెండూ వేగంగా అడగండి. పెన్ను, పుస్తకం పక్కన పెట్టించి చెప్పించండి.

గృహిణులైతే "ఐ హ్యావ్ టూ చిల్డ్రన్" అనాల్సిన చోట "అయామ్ హ్యావింగ్ టూ చిల్డ్రన్" అంటారు. కాలేజీ పిల్లలు "మైసెల్ఫ్ రమేష్" అని మొదలుపెడతారు, "ఐ డిడింట్ వెంట్" అంటారు. మీ వర్గంలో తరచూ వచ్చే తప్పులు ఎనిమిది తీసుకుని, ఒక్కోదానికి ఇలాంటి వివరణ, పది ప్రశ్నలు ముందే తయారుగా ఉంచుకోండి. డెమోలో ఏది వచ్చినా చేతిలో ఉంటుంది.

తర్వాత 3 నిమిషాలు: ముందూ వెనకా. నిన్నటి వాయిస్ మెసేజ్ వినిపించి, అదే విషయం ఇప్పుడు మళ్లీ చెప్పమనండి. తేడా వాళ్ల చెవికే తెలుస్తుంది. ఏ పొగడ్తా అంతగా పనిచేయదు.

చివరి 4 నిమిషాలు: ప్లాన్, ఫీజు, మొదలయ్యే రోజు. కాగితం మీద రాసుకున్న తప్పుల్లో ఇంకో మూడు చెప్పి, ఏ వారంలో ఏది సరిచేస్తారో చెప్పండి. తర్వాత ఫీజు చెప్పి ఆగండి. వెంటనే "మీకోసం తగ్గిస్తాను" అనొద్దు. "ఇంట్లో అడిగి చెబుతాను" అంటే సరేనని, ఏ రోజు ఫోన్ చేయమంటారో అడిగి రాసుకోండి.

### 5.3 డెమోలో జరిగే పొరపాట్లు

- టీచరే ఎక్కువ మాట్లాడటం. స్టూడెంట్ సగానికి పైగా మాట్లాడాలి.
- పన్నెండు టెన్సుల చార్ట్ చూపించడం. స్కూల్లో చూసి భయపడిందే అది.
- ఉచ్చారణలో ప్రతి మాటా సరిచేయడం. డెమోలో ఒక్క శబ్దం చాలు, ఉదాహరణకు 'జీరో', 'జూ'లలో ఉండే జెడ్ (z) శబ్దం.
- నలభై మందిని ఒకే డెమోలో కూర్చోబెట్టడం. ఎవరికీ మాట్లాడే అవకాశం రాదు. ఆరుగురిని మించనివ్వకండి.
- మీ డిగ్రీలు, అనుభవం పదినిమిషాలు చెప్పడం. రెండు వాక్యాలు చాలు.

## 6. "ఫీజు ఎంత సర్?" అన్న మెసేజ్‌కు జవాబు

వచ్చే ఎంక్వైరీల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క లైనే. అంకె ఒక్కటే పంపితే సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. "కాల్ చేయండి" అంటే కోపం వస్తుంది. ఫీజు దాచిపెట్టడం నాకు నచ్చదు. అడిగిందానికి జవాబు చెప్పి, పక్కనే ఒక ప్రశ్న వేయండి:

"నమస్తే అండీ. గ్రూప్ బ్యాచ్ నెలకు 2,500, బ్యాచ్‌లో 8 మందే. వన్ టు వన్ వేరు. మీకు ఇంగ్లీష్ ఎక్కువగా ఎక్కడ కావాలి, ఆఫీసులోనా, ఇంటర్వ్యూకా, పిల్లల కోసమా? చెబితే ఏది సరిపోతుందో చెబుతాను."

ఆ ప్రశ్నకు జవాబు వస్తే వాయిస్ మెసేజ్‌లో మాట్లాడండి. ముందు తెలుగులో, చివర ఒక్క వాక్యం తేలికైన ఇంగ్లీష్‌లో. వాళ్లు కొనేది మీ గొంతును, మీ ఓపికను. అది వినిపించాలి.

ఫాలోఅప్ ఇలా:

- డెమో అయిన సాయంత్రం: డెమోలో నేర్చుకున్న వాక్యాలు రాసి పంపండి. ఫీజు మాట ఎత్తకండి.
- మూడో రోజు: "బుధవారం బ్యాచ్‌లో రెండు సీట్లున్నాయి, మీ పేరు రాయమంటారా?" నిజంగా రెండే ఉంటేనే రెండని చెప్పండి.
- వారం తర్వాత ఒకసారి. ఆపైన ఆపేయండి. రోజూ గుడ్ మార్నింగ్ మెసేజ్ పంపితే బ్లాక్ చేస్తారు.

వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం. అందులో లేబుల్స్ పెట్టుకోండి: కొత్త ఎంక్వైరీ, డెమో అయింది, ఫీజు కట్టాలి, చేరారు. తరచూ పంపే జవాబులు క్విక్ రిప్లైలలో పెట్టుకోండి. బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది, కాబట్టి మొదటి రోజే "నా నంబరు సేవ్ చేసుకోండి, మెటీరియల్ పంపుతాను" అని చెప్పండి.

## 7. ఫీజు పెట్టడం

నెలకు ఎంత కావాలో ముందు రాసుకుని వెనక్కి లెక్కేయండి. 8 మంది బ్యాచ్, ఒక్కొక్కరికి 2,500 అయితే 20,000. అలాంటివి రెండు నడిపితే 40,000. వారానికి ఐదు రోజులు, రోజుకు రెండు గంటలు క్లాసు, దాంతోపాటు వాయిస్ మెసేజ్‌లు విని సరిచేసే గంట. ఈ గంటను లెక్కలో వేయని టీచర్లు మూడో నెలకు అలిసిపోతారు.

వంద రూపాయలకు, రెండొందలకు కోర్సు పెట్టొద్దు. యూట్యూబ్‌లో పాఠాలు ఉచితంగానే ఉన్నాయి. మీ దగ్గరికొచ్చేది తప్పు సరిచేసే మనిషి కోసం. కాలేజీ పిల్లలకు తగ్గించాలంటే ధర కాకుండా పద్ధతి మార్చండి: నలుగురు కలిసి చేరితే ఇంత అనండి, లేదా రెండు విడతల్లో కట్టమనండి.

ఫీజు నియమాలు డెమో రోజే రాతలో పంపండి: యూపీఐలో కట్టాల్సిన తేదీ, మిస్సయిన క్లాసు సంగతి, మొదటి మూడు క్లాసుల్లో నచ్చకపోతే ఎంత తిరిగిస్తారు. తిరిగిస్తానన్నది ఆ రోజే తిరిగివ్వాలి.

## 8. కనిపించాల్సిన చోట్లు

తెలిసినవాళ్లతో మొదలు. మొదటి పదిమంది దాదాపు ఎప్పుడూ పాత కాలేజీ గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, బంధువుల ద్వారానే వస్తారు. గ్రూపులో పోస్టర్ పడేసి ఊరుకోకండి, ఒక్కొక్కరికీ విడిగా రాయండి: "అక్కా, మీ అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా ఇంగ్లీష్ మాట్లాడాలనుకుంటే నా దగ్గర మధ్యాహ్నం బ్యాచ్ ఉంది." గ్రూపులో పెట్టాలంటే ముందు అడ్మిన్‌ను అడగండి.

చిన్న వీడియోలు. వారానికి మూడు చాలు, ఒక్కోటి 40 నుంచి 60 సెకన్లు. ఒక వీడియోలో ఒక్క తప్పు, తెలుగు వివరణ, సరైన వాక్యం, చూసేవాళ్లు పలకడానికి రెండు సెకన్ల ఖాళీ. "ఈ 5 పదాలు నేర్చుకోండి" లాంటివి వ్యూస్ తెస్తాయి, స్టూడెంట్లను తేవు. సందర్భం చూపించే వీడియోలు తెస్తాయి: "మేనేజర్ అడిగింది అర్థం కాకపోతే ఏమనాలి?", "స్కూల్లో టీచర్ మీ పిల్లాడి గురించి చెప్పినప్పుడు ఏం అడగాలి?" చివర్లో ఒక్క మాట: "డెమో కావాలంటే వాట్సాప్ చేయండి." అదే వీడియో షార్ట్స్‌లో, రీల్స్‌లో, స్టేటస్‌లో మూడుచోట్లా పెట్టండి.

ట్యూటర్ వెబ్‌సైట్లు. ప్రెప్లీ లాంటి చోట విదేశీ స్టూడెంట్లు దొరుకుతారు. ట్రయల్ క్లాసు డబ్బు మొత్తం కంపెనీకే పోతుంది, తర్వాతి క్లాసుల మీద కమీషన్ 33 శాతంతో మొదలై, చెప్పిన గంటలు పెరిగేకొద్దీ 18 శాతానికి తగ్గుతుంది. తెలుగువాళ్లకే చెప్పే టీచర్‌కు ఇది పక్క ఆదాయమే.

గూగుల్ మ్యాప్స్ లిస్టింగ్. స్టూడెంట్లను నేరుగా కలవకుండా పూర్తిగా ఆన్‌లైన్‌లోనే చెప్పేవాళ్లకు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ వర్తించదు. ఇంటి అడ్రస్‌తో పెట్టినా తీసేసే అవకాశం ఉంది.

## 9. చేరినవాళ్లు నిలబడాలి

కొత్తవాళ్లను తెచ్చేది పాత స్టూడెంట్లే. వాళ్లు మధ్యలో మానేస్తుంటే మిగతా ప్రయత్నమంతా చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే.

ఎక్కువగా జారిపోయేది మూడో వారంలో. కొత్త ఉత్సాహం తగ్గుతుంది, మార్పు ఇంకా కనపడదు. అందుకే:

- రెండు క్లాసులు వరసగా రాకపోతే ఆ రోజే వాయిస్ మెసేజ్ పెట్టండి. "ఎందుకు రాలేదు?" అనకండి. "మీరు లేక జంట ప్రాక్టీసులో ఒకరు తగ్గారు, రేపు కలుద్దాం" అనండి.
- ప్రతి శనివారం ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పంపమనండి. మూడో వారం చివర మొదటిదీ, ఇప్పటిదీ పక్కపక్కన వినిపించండి.
- ప్రతి క్లాసులో ప్రతి ఒక్కరూ కనీసం ఐదు నిమిషాలు మాట్లాడారా అని టిక్ పెట్టుకోండి. మౌనంగా కూర్చునేవాళ్లే ముందు మానేస్తారు.

ఇంకెవరినైనా పంపమని అడగడానికి సరైన సమయం కోర్సు చివర కాదు. స్టూడెంట్ "మేడమ్, ఈ రోజు మీటింగ్‌లో మాట్లాడాను" అని సంతోషంగా చెప్పిన రోజు. ఆ రోజే అడగండి: "చాలా సంతోషం. మీ టీమ్‌లో ఇలాగే ఇబ్బందిపడే ఒక్కరికి నా నంబరు ఇస్తారా?" ఒక్కరిని అడిగితే ఒక పేరు గుర్తొస్తుంది, "అందరికీ చెప్పండి" అంటే ఎవరూ గుర్తురారు.

వాళ్ల వీడియో, ఫోటో, వాయిస్ వాడాలంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, పిల్లలైతే తల్లిదండ్రుల నుంచి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో చాలామంది ఒప్పుకోరు. పేరు లేకుండా రెండు లైన్లు రాసిచ్చినా చాలు.

## 10. యాడ్స్ ఎప్పుడు

డెమోకు వచ్చిన పదిమందిలో కనీసం ముగ్గురు నలుగురు చేరుతున్నప్పుడు. అంతకుముందు కాదు.

మొదలుపెట్టేటప్పుడు రోజుకు 200, 300 మించకండి. నేరుగా వాట్సాప్ తెరిచే యాడ్ పెట్టండి. కొత్త వీడియో తీయకండి, ఇప్పటికే ఎక్కువ ఎంక్వైరీలు తెచ్చిన మీ పాత వీడియోనే వాడండి. వారం నడిపి, ఒక అడ్మిషన్‌కు ఎంత ఖర్చయిందో లెక్కేయండి. అది ఒక నెల ఫీజులో మూడో వంతు దాటితే ఆపి, డెమో చూసుకోండి.

## 11. ఎక్కడ ఆగిందో చూసి సరిచేయడం

ఒక నోట్‌బుక్‌లో వారానికి నాలుగు అంకెలు రాయండి: ఎంక్వైరీలు, డెమోకు వచ్చినవాళ్లు, చేరినవాళ్లు, మానేసినవాళ్లు. ఏ అంకె దగ్గర పడిపోతోందో, అక్కడే మరమ్మతు.

వ్యూస్ ఉన్నాయి, ఎంక్వైరీలు లేవు. వీడియోలు పదాల మీద ఉన్నాయి, సందర్భాల మీద లేవు. లేదా వాట్సాప్ నంబరు కనిపించడం లేదు.

ఎంక్వైరీలు ఉన్నాయి, డెమోకు రావడం లేదు. జవాబు ఆలస్యం అవుతోంది. గంటలోపు ఇవ్వండి, క్లాసులో ఉంటే ఆటోమేటిక్ మెసేజ్ పెట్టుకోండి. డెమోకు ముందురోజు వాయిస్ మెసేజ్ అడగండి, గంట ముందు లింక్ మళ్లీ పంపండి.

డెమోకు వస్తున్నారు, చేరడం లేదు. మీ డెమో ఒకటి వాళ్ల అనుమతితో రికార్డు చేసి, మీరు ఎన్ని నిమిషాలు మాట్లాడారో వాచీ పెట్టి చూడండి. 5.2 ప్రకారం మళ్లీ చేయండి.

"ఫీజు ఎక్కువ" అంటున్నారు. ఒకరిద్దరంటే పట్టించుకోకండి. అందరూ అంటుంటే వర్గం తప్పు ఎంచుకున్నారు, లేదా ఫలితం స్పష్టంగా చెప్పలేదు. ధర తగ్గించడం ఆఖరి మార్గం.

చేరినవాళ్లు ఒకే బ్యాచ్‌లో రెండు రకాలు. ఒకరికి వాక్యం రాదు, ఇంకొకరు బాగానే మాట్లాడతారు. ఇద్దరూ మానేస్తారు. మొదటి వారంలోనే విడదీయండి. రెండో బ్యాచ్‌కు మనుషులు చాలకపోతే, ముందున్నవాళ్లకు వారానికి రెండు రోజులు విడిగా అరగంట ఇచ్చి, అక్కడ ముగ్గురు నలుగురు చేరేదాకా నడపండి.